ఒకే మొదలు, రెండు ముగింపులు: పార్మెనిడీస్, మెలిస్సస్ లెక్క ఎవరైనా తేల్చండి

అర్ధరాత్రి_తర్కం
గ్రీకు తత్వశాస్త్రం మీద ఏ పరిచయ వ్యాసం తీసినా ఒకటే పాట: మూలసూత్రాన్ని బట్టే సిద్ధాంతం, పునాదిని బట్టే మేడ. సరే అనుకుని ఎలియా వాళ్ళ (పార్మెనిడీస్, అతని దారిలో నడిచిన మెలిస్సస్ లాంటివాళ్ళ) దగ్గర కూర్చుంటే లెక్క కుదరడం లేదు.

పార్మెనిడీస్ మొదలు: ఉన్నది ఉంది, లేనిది లేదు, లేనిదాన్ని తెలుసుకోవడమూ చెప్పడమూ కుదరదు. మెలిస్సస్ మొదలూ అదే. ఉన్నది పుట్టలేదు, నశించదు, కదలదు, ఒక్కటే అని ఇద్దరూ ఒప్పుకుంటారు. అక్కడిదాకా బాగానే ఉంది. తీరా చివరికొచ్చేసరికి పార్మెనిడీస్ దానికి అంతు ఉందంటాడు, నడిమి నుంచి అన్ని వైపులా సమంగా తూగే గుండ్రటి బంతితో పోలుస్తాడు. మెలిస్సస్ అసలు అంతే లేదంటాడు.

ఒకే మొదలు నుంచి ఉందీ లేదూ రెండూ వస్తే ఆ మొదలు ఏం తేల్చినట్టు? ఇద్దరిలో ఒకరు లెక్క తప్పారా, లేక పునాది-మేడ మాటే ఉత్తదా?

పులిహోర_ప్లేటో
ఆదిలోనే హంసపాదు.

గుంటూరు_గ్రీకు
లెక్క తప్పింది మెలిస్సస్. అరిస్టాటిల్ ఫిజిక్స్ మొదటి పుస్తకం మూడో అధ్యాయంలో పట్టుకున్నాడు. మెలిస్సస్ వాదం ఇదీ:

పుట్టినదానికి మొదలు ఉంటుంది. ఉన్నది పుట్టలేదు. కాబట్టి ఉన్నదానికి మొదలు లేదు.

వినడానికి నున్నగా ఉంది గానీ చెల్లదు. పుట్టినదానికి మొదలుందంటే పుట్టనిదానికి లేదని ఎవరన్నారు? తప్పుడు వాదాల మీద రాసిన పుస్తకంలో ఇదే మెలిస్సస్‌ని మళ్ళీ లాగి జ్వరం ఉదాహరణ ఇస్తాడు. జ్వరం వచ్చినవాడి ఒళ్ళు వేడిగా ఉంటుంది, అలాగని ఒళ్ళు వేడిగా ఉన్న ప్రతివాడికీ జ్వరమేనా అని.

రెండో తప్పు ఇంకా పెద్దది. పుట్టుకకి ఉండే మొదలు కాలంలోది. బంతికి ఉండేది చోటులోది, అంటే అంచు. కాలంలో మొదలు లేదని చూపించి చోటులో అంచు లేదని రాబట్టుకున్నాడు. తెలుగులోనూ ఈ గుంట ఉంది: సినిమా మొదలు వేరు, వీధి మొదలు వేరు. మాట ఒకటే కాబట్టి కాలు జారేది తెలీదు.

కాబట్టి పునాది మాటకొచ్చిన నష్టం లేదు. ఇద్దరూ ఒకే చోట బయల్దేరారు, ఒకడు దారిలో జారాడు.

తాబేలు_గెలిచింది
గుంటూరు గారూ, అంత తేలిగ్గా కొట్టేయకండి. అరిస్టాటిల్‌కి మెలిస్సస్ అంటే మొదట్నుంచీ చిన్నచూపు, వాదం మోటుదని అక్కడే అంటాడు. మెలిస్సస్ రాతల్లో మనదాకా మిగిలిన తునకలు కూడా పక్కన పెట్టుకుని చదివితే ఇంకో దారి కనిపిస్తుంది.

ఉన్నదానికి అంచు ఉందనుకుందాం. ఆ అంచు దేనికో ఆనుకుని ఉండాలి. అవతల ఇంకో ఉన్నది ఉంటే రెండయ్యాయి, ఒక్కటే అన్నది పోయింది. అవతల ఏమీ లేకపోతే ఆ ఏమీలేనితనం అక్కడ ఉన్నట్టు, అంటే శూన్యం ఉన్నట్టు. శూన్యం అంటే లేనిది. లేనిది లేదు. కాబట్టి అంచు లేదు.

మొదటి సగం మెలిస్సస్ మాటల్లోనే దొరుకుతుంది: రెండుంటే ఒకదానికొకటి హద్దవుతాయి అంటాడు. రెండో సగం అరిస్టాటిలే, పుట్టుక-నాశనం మీద రాసిన గ్రంథం మొదటి పుస్తకం ఎనిమిదో అధ్యాయంలో ఈ వర్గం వాదంగా చెప్పాడు. ఇందులో జ్వరమూ లేదు, జారుడూ లేదు.

పార్మెనిడీస్ దగ్గర అంతు ఎలా వచ్చింది మరి? ఆయన పద్యంలో ఎనిమిదో తునక, 32, 33 పాదాలు. ఉన్నది అసంపూర్ణంగా ఉండటం తగదు, దానికి కొరతంటూ ఉంటే అన్నీ కొరతే అంటాడు. ఆయనకి అంతు అంటే కొస ముట్టడం, నిండుగా ఉండటం. అంతు లేనిది ఆయన లెక్కలో సగం కట్టిన ఇల్లు. మెలిస్సస్‌కి అంతు అంటే పక్కింటి గోడ.

అర్ధరాత్రి_తర్కం
అంటే పైకి చెప్పిన మొదలు ఒకటే, చెప్పకుండా జేబులో పెట్టుకున్నది వేరు. అలాగేనా?

తాబేలు_గెలిచింది
అలాగే. ఆ జేబులోదే మిగతా కథంతా నడిపింది. మెలిస్సస్ ఏడో తునకలో ఒక వాక్యం ఉంది, ఎలియా తర్వాతి వందేళ్ళని దానికి మూడు వైపులా కూర్చోబెట్టొచ్చు. వాక్యం: కదలిక ఉండాలంటే శూన్యం ఉండాలి. జరగడానికి ఖాళీ కావాలి కదా, కిక్కిరిసిన చోట ఎటు జరుగుతావు?

మెలిస్సస్: శూన్యం లేదు. కాబట్టి కదలిక లేదు.

లూసిప్పస్, డెమొక్రిటస్ (పరమాణువాదులు): కదలిక కళ్ళ ముందే ఉంది. కాబట్టి శూన్యం ఉంది. ‘లేనిది’ కూడా ‘ఉన్నది’ ఉన్నంతగా ఉంది.

అరిస్టాటిల్: అసలు ఆ వాక్యమే తప్పు. నీళ్ళలో సుడి తిరిగేటప్పుడు ఒక పాయ జరిగిన చోటికి అదే క్షణాన ఇంకో పాయ వస్తుంది, ఖాళీ ఎక్కడా అక్కర్లేదు. ఇది ఫిజిక్స్ నాలుగో పుస్తకం.

పరమాణువాదులు పార్మెనిడీస్‌ని తోసెయ్యలేదు, అది గమనించండి. పుట్టదు, నశించదు, లోపల మారదు అన్న లక్షణాలన్నీ తీసుకెళ్ళి ఒక్కో అణువుకీ తగిలించారు. వదిలింది ఒక్క మాట: లేనిది లేదు అన్నది. ఆ ఒక్కటీ వదిలేసరికి ఒకటి కాస్తా లెక్కలేనన్ని అయింది.

పులిహోర_ప్లేటో
కదలిక లేదన్న ఇదే మెలిస్సస్ క్రీ.పూ. 441లో సేమోస్ దీవి నౌకాదళానికి సేనాని. పెరిక్లీస్ అటు వెళ్ళిన సమయం చూసి ఏథెన్స్ ఓడల మీద పడి గెలిచాడు. ఓడలు కదలకుండా ఎలా గెలిచాడో ఏ తునకలోనూ లేదు.

గుంటూరు_గ్రీకు
తాబేలు గారి మాట సగం ఒప్పుకుంటా. అంచు-శూన్యం వాదం ఎలియా వర్గానిదని అరిస్టాటిల్ అన్నాడు గానీ మెలిస్సస్ పేరు అక్కడ పెట్టలేదు. అనంతం గురించి మెలిస్సస్ సొంత మాటల్లో దొరికే రెండో తునక ఆ జ్వరం దారిలోనే నడుస్తుంది. తోటి ముద్దాయి మంచివాడైతే ఇతని కేసు కొట్టెయ్యరు కదా.

వృత్తలేఖిని
హంసపాదు అన్నారు కాబట్టి చిన్న సవరణ. హంసపాదు అంటే తప్పటడుగు కాదు. రాతలో ఒక మాట జారిపోతే పంక్తి మధ్యలో పెట్టే చేర్పు గుర్తు. తప్పు రాయడం వేరు, ఒకటి వదిలెయ్యడం వేరు. ఈ థ్రెడ్‌లో నడుస్తున్నది రెండోదే.

దానికి నాకు తెలిసిన పక్కా కేసు యూక్లిడ్. మొదటి పుస్తకం మొదట్లో 23 నిర్వచనాలు, 5 స్వీకృతాలు (రుజువు లేకుండా ఒప్పుకోమనేవి), 5 సాధారణ భావనలు పెట్టాడు. ఆ వెంటనే మొదటి ప్రతిపాదన: ఇచ్చిన గీత మీద సమబాహు త్రిభుజం గియ్యాలి. గీత ఒక కొస కేంద్రంగా, గీత పొడవే వ్యాసార్ధంగా ఒక వృత్తం. రెండో కొస కేంద్రంగా ఇంకోటి. రెండూ ఖండించుకున్న బిందువుని రెండు కొసలకీ కలపాలి. అయిపోయింది.

ఖండించుకుంటాయని ఎవరు చెప్పారు? ఆ 5 స్వీకృతాల్లో లేదు. బొమ్మలో కనిపిస్తోంది కాబట్టి రాసేశాడు. అనుమానం ఉంటే భిన్నాలుగా రాయగలిగే నిరూపకాలున్న బిందువులు మాత్రమే ఉన్న తలం తీసుకోండి. కొసలు (0,0), (1,0). వృత్తాలు కలవాల్సిన చోటు ఎత్తు √3లో సగం. √3 భిన్నం కాదు, కాబట్టి ఆ చోట బిందువే లేదు. రెండు వృత్తాలూ ఒకదానిలోంచి ఒకటి దూరిపోతాయి, ఎక్కడా తగలవు. మొత్తం 13 పుస్తకాలు, 465 ప్రతిపాదనలు, మొట్టమొదటి దానిలోనే హంసపాదు గుర్తు పెట్టాలి.

పులిహోర_ప్లేటో
సామెత వాడితే పాఠం చెప్పించుకున్నా. లాభమే.

అర్ధరాత్రి_తర్కం
వృత్తలేఖిని గారూ, యూక్లిడ్‌లో ఏ మొదలు ఏ ముగింపుని మోస్తోందో విడదీసి చూపించొచ్చా? తత్వంలో అది చెయ్యడం కష్టంగా ఉంది.

వృత్తలేఖిని
చూపించొచ్చు. అందుకే ముందు అక్కడ అలవాటు చేసుకోమంటా. ఐదో స్వీకృతం (సమాంతర రేఖలది) తీసుకోండి. మొదటి పుస్తకంలో 1 నుంచి 28 దాకా ఎక్కడా వాడలేదు. 29లో మొదటిసారి వాడాడు. త్రిభుజం మూడు కోణాలు కలిపితే రెండు లంబకోణాలు అన్నది 32, అది 29 మీద నిలబడింది. ఐదోది తీసేస్తే మొదటి 28 నిలుస్తాయి, 32 కూలుతుంది. క్రీ.శ. ఐదో శతాబ్దంలో యూక్లిడ్‌కి వ్యాఖ్యానం రాసిన ప్రొక్లస్ దాన్ని స్వీకృతాల్లోంచి తీసేసి రుజువు చెయ్యబోయాడు. ఆ రుజువులో సమాంతర రేఖల మధ్య దూరం పెరుగుతూ పోదని జేబులోంచి తీసి పెట్టుకున్నాడు. అది ఐదోదానికి మారువేషమే.

చుక్కల_లెక్క
మొదట్లో చిన్న తేడా చివరికి ఎంతవుతుందో అంకెల్లో చూపిస్తా. సత్యం నుంచి మొదట్లో రవ్వంత జరిగినా పోనుపోను అది వేల రెట్లవుతుందని అరిస్టాటిల్ ఆకాశం మీద రాసిన దే కేలో మొదటి పుస్తకం ఐదో అధ్యాయంలో అన్నాడు. అక్కడే ఉదాహరణ: ఇంతకన్నా చిన్న పొడవు లేదు అని ఒక కనిష్ఠ పొడవు పెట్టుకున్నారంటే గణితంలో అతిపెద్ద విషయాలే కదిలిపోతాయి.

ఎలా కదులుతాయో వేసి చూడండి. కనిష్ఠ పొడవు ఉంటే చతురస్రం భుజం కొన్ని ముక్కలు, కర్ణం కొన్ని ముక్కలు, రెండూ పూర్ణసంఖ్యలే. కర్ణం వర్గం భుజం వర్గానికి రెట్టింపు కావాలి. భుజం 5, కర్ణం 7: 49 వచ్చింది, 50 కావాలి. భుజం 12, కర్ణం 17: 289 వచ్చింది, 288 కావాలి. 29కి 41: 1681 వచ్చింది, 1682 కావాలి. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, ఎప్పటికీ కుదరదు. కుదిరిందనుకుంటే కర్ణం సరిసంఖ్య కావాలి, అప్పుడు భుజమూ సరిసంఖ్యే, రెండింటినీ సగం చేస్తే మళ్ళీ సరిసంఖ్యలే. సగం చేస్తూ పోతే ముక్కలు అయిపోతాయి గానీ లెక్క తెగదు.

ఇంకోటి అరిస్టార్కస్, క్రీ.పూ. మూడో శతాబ్దం. సూర్యచంద్రుల దూరాల మీద పుస్తకం మొదట్లో ఆరు ఊహనాలు పెట్టుకున్నాడు. నాలుగోది: సరిగ్గా అర్ధచంద్రుడు కనిపించినప్పుడు సూర్యుడికీ చంద్రుడికీ మధ్య మనకి కనిపించే కోణం లంబకోణానికి అందులో 30వ వంతు తక్కువ, అంటే 87 డిగ్రీలు. అక్కణ్ణుంచి జ్యామితి అంతా చక్కగా చేసి సూర్యుడు చంద్రుడి కన్నా 18 రెట్ల పైన, 20 రెట్ల లోపు దూరంలో ఉన్నాడని తేల్చాడు. అసలు కోణం 89.85 డిగ్రీల దగ్గర. అసలు దూరం 390 రెట్ల దాకా. మొదట్లో మూడు డిగ్రీలు కూడా లేని తేడా చివర్లో 20 రెట్లు. మధ్యలో ఒక్క మెట్టూ తప్పు లేదు.

నీడగడియారం
అరిస్టార్కస్‌ది కొలత తప్పు, మూలసూత్రం తప్పు కాదు. రెండూ ఒక గాటన కట్టకండి. కొలత తప్పితే మళ్ళీ కొలుచుకోవచ్చు. సూత్రం తప్పితే ఏం కొలవాలో కూడా అదే చెప్తుంది.

ఆ హెచ్చరిక ఉన్న దే కేలోనే చూడండి. మెట్లు ఇవీ: సరళమైన కదలికలు తిన్ననిదీ గుండ్రనిదీ రెండే. సరళమైన పదార్థానికి సహజంగా ఒకటే సరళమైన కదలిక. మట్టి, నీరు కిందికి, గాలి, నిప్పు పైకి, అన్నీ తిన్ననివే. కాబట్టి గుండ్రంగా తిరిగేది ఐదోది ఒకటి ఉండాలి. గుండ్రటి కదలికకి వ్యతిరేకం లేదు. పుట్టుక, నాశనం వ్యతిరేకాల మధ్యే జరుగుతాయి. కాబట్టి ఆకాశ పదార్థం పుట్టదు, చావదు, మారదు.

ఇప్పుడు తోకచుక్కలు వచ్చిపోతుంటాయి కదా, వాటినేం చెయ్యాలి? ఆకాశంలో మార్పు లేదు కాబట్టి అవి ఆకాశంలోవి కావు. చంద్రుడి కింద, భూమి నుంచి లేచిన పొడి ఆవిరి అంటుకుని మండటమని మిటియొరాలజీలో పెట్టాడు. పాలపుంతనీ అక్కడికే దించాడు! ఎవరూ కొలవలేదని కాదు, కొలిచే ప్రశ్నే పుట్టలేదు. 1572లో కొత్త నక్షత్రం వెలిగినప్పుడు టైకో బ్రాహి దాని స్థానంలో తేడా (చూసే చోటు మారితే దగ్గరి వస్తువు జరిగినట్టు కనిపించేది) వెతికి, చంద్రుడికి ఉన్నంత తేడా కూడా కనబడక, అది చంద్రుడి పైనే ఉందన్నాడు. అప్పుడు గానీ మెట్టు కదల్లేదు.

చుక్కల_లెక్క
ఒప్పుకున్నా. అయినా అరిస్టార్కస్ ఆ ఆరింటినీ ఒకే పేరు కింద పెట్టాడు. అందులో ‘చంద్రుడి వెలుగు సూర్యుడిదే’ అన్నదీ ఉంది, ఆ 87 డిగ్రీలూ ఉంది. విడదీసింది మనం. పైగా ఈయనదీ సేమోసే. మెలిస్సస్, ఎపిక్యూరస్, పైథాగరస్ కూడా. ఆ దీవి నీళ్ళలో ఏముందో.

అనవస్థ_దోషం
మధ్యలో ఒక్క మెట్టూ తప్పు లేదు అన్న మాట దగ్గర ఆగండి. ప్లేటో ‘క్రాటిలస్’ అనే సంభాషణలో దీనికే మందు రాశాడు. పేర్లన్నీ ఒకదానికొకటి పొంతనగా ఉన్నాయి కాబట్టి పేర్లు పెట్టినవాడు సరిగ్గానే పెట్టి ఉంటాడని క్రాటిలస్ అంటాడు. సోక్రటీస్ జవాబు: జ్యామితి బొమ్మల్లో మొదట్లో కంటికి ఆనని చిన్న తప్పు పడితే, ఆ తర్వాతివన్నీ ఆ తప్పుతోనే పొంతనగా నడుస్తాయి. పొంతన సాక్ష్యం కాదు. ఆకాశం గొలుసులో పొంతనకి ఏం తక్కువైంది?

మరి మొదలు సరైనదని ఎలా తెలుస్తుంది? దాన్ని ఇంకోదానితో రుజువు చేస్తే అనవస్థ, రుజువుకి రుజువు అడుగుతూ అంతే ఉండదు. తిరిగొచ్చి దానితోనే చేస్తే చక్రకం. అరిస్టాటిల్ పోస్టీరియర్ అనలిటిక్స్ మొదటి పుస్తకం మూడో అధ్యాయం ఈ రెంటినీ పేరుపేరునా చర్చించి, రుజువు అక్కర్లేని మొదళ్ళు ఉన్నాయని తేల్చుకుంటుంది. సంశయవాదులు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు: రుజువు లేకుండా నువ్వొకటి పెట్టుకుంటే, దానికి వ్యతిరేకం నేను పెట్టుకుంటా, నీకున్న హక్కు నాకూ ఉంది. విగ్రహవ్యావర్తనిలో నాగార్జునుడు ప్రమాణాల మీద వేసిన ప్రశ్నదీ ఇదే అచ్చు.

మోడ్_బల్ల
నాగార్జునుడి కోసం విడిగా థ్రెడ్ తెరిచాను. ఇక్కడ గ్రీకులే.

నీడగడియారం
అనవస్థ గారి జాబితాలో ఒకటి మిగిలింది. ముగింపు ముందే ఖాయం చేసుకుని మొదలు వెతుక్కునేవాళ్ళు. ఎపిక్యూరస్ ఇంద్రియాలు ఎప్పుడూ అబద్ధం చెప్పవు, తప్పంతా మనం కలిపే అభిప్రాయానిది అంటాడు. దాన్ని పట్టుకుని పైథోక్లీస్‌కి రాసిన ఉత్తరంలో, సూర్యుడు మన వరకు కనిపించినంతే, నిజానికి అంతకన్నా కాస్త పెద్దో, చిన్నో, అంతేనో అని రాశాడు. అవతల అరిస్టార్కస్ సూర్యుడి వ్యాసం భూమికి ఆరేడు రెట్లని లెక్కకడుతున్న శతాబ్దమే. ఎపిక్యూరస్‌కి లెక్క రాక కాదు. ఆకాశం గురించి భయాలు లేకపోతే ప్రకృతి శాస్త్రమే అక్కర్లేదన్నాడు. చేరాల్సిన చోటు మనశ్శాంతి, మొదలు దానికి తగ్గట్టు కోసుకున్న చొక్కా.

గుంటూరు_గ్రీకు
చొక్కా పోలిక అన్యాయం. ఒక్క ఇంద్రియజ్ఞానాన్ని కాదన్నా మిగతావాటిని తూచే రాయి పోతుందన్నది ఆయన వాదం. అది వాదమే, సాకు కాదు.

ముగింపు నుంచి వెనక్కి నడవటానికి అసలు ఉదాహరణ డయొడోరస్ క్రోనస్ మహావాదం. స్టోయిక్ తాత్వికుడు ఎపిక్టీటస్ తన ప్రసంగాల రెండో పుస్తకం 19లో చెప్తాడు. మూడు వాక్యాలున్నాయి, మూడూ కలిసి నిలవవు, ఏదో ఒకటి వదలాలి: జరిగిపోయిన నిజం ఇక మారదు, అది అనివార్యం. సాధ్యమైనదాని నుంచి అసాధ్యమైనది రాదు. ఇప్పుడు నిజం కానిదీ, ఎప్పటికీ నిజం కాబోనిదీ అయినా సాధ్యమే అనదగ్గది ఉంది.

డయొడోరస్ మూడోది వదిలాడు: జరగనిది, జరగబోనిది సాధ్యమే కాదు. క్లియాంథీస్ మొదటిది వదిలాడు. క్రిసిప్పస్ రెండోది వదిలాడు, దానికో విచిత్రమైన ఉదాహరణ కూడా తెచ్చాడు. ‘డియోన్ చనిపోయాడు’ అన్నది సాధ్యమే. దాన్నుంచే వచ్చే, డియోన్‌ని వేలెత్తి చూపిస్తూ ‘ఈయన చనిపోయాడు’ అన్నది మాత్రం అసాధ్యం. బతికుంటే అబద్ధం, పోయాక చూపించడానికి ఆయనే ఉండడు. క్లియాంథీస్, క్రిసిప్పస్ ఒకే స్టోయిక్ బడి పెద్దలు, ఒకరి తర్వాత ఒకరు. విధినీ మనిషి బాధ్యతనీ రెంటినీ ఉంచుకోవాలి కాబట్టి మూడోదాన్ని ఇద్దరూ ముట్టుకోలేదు.

అర్ధరాత్రి_తర్కం
సరే, ఇదంతా చేతిలో పట్టుకుని ఒక పాఠాన్ని ఎలా విప్పాలి? పద్ధతి చెప్పండి.

వృత్తలేఖిని
కాగితం అడుగున ముగింపు ఒక్క వాక్యంలో రాయండి. దాని పైన దాన్నిచ్చే వాక్యాలు, ఒక్కో గీతకి ఒకటే. మూలంలో ‘కాబట్టి’ ఉన్న ప్రతిచోటా ఆగి, పై వాక్యాలు మాత్రమే తెలిసిన తిక్కవాడు దీన్ని ఒప్పుకుంటాడా అని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడ హంసపాదు పెట్టి, వదిలిన వాక్యం మీరే రాయండి, ఎర్ర సిరాతో. తర్వాత ఒక్కో వాక్యాన్నీ వేలితో మూసి అడుగున ఏమేమి పడిపోతాయో చూడండి. ఇక్కడ అందరూ చేసే తప్పు, ఎర్ర సిరా వాక్యం మనకి నచ్చినట్టు రాసుకోవడం. వాదం నిలవడానికి సరిపడా అతి తక్కువ రాయాలి, రచయిత వేరేచోట కాదన్నది రాయకూడదు.

ఇంకో చిక్కు తెలుగు అనువాదాలది. ఆర్ఖే (మొదలుకి గ్రీకు మాట), కారణం, ధాతువు మూడింటికీ ‘మూలం’ అనేస్తే కాగితమంతా మూలాలే. ఆర్ఖేకి ‘మొదలు’ దగ్గరగా వస్తుంది, ఆరంభమూ అవుతుంది, చెట్టు మొదలూ అవుతుంది. అరిస్టాటిల్ మెటాఫిజిక్స్ డెల్టా పుస్తకంలో ఆర్ఖే అర్థాల్లో ఓడ అడుగు దూలం, ఇంటి పునాది ఉన్నాయి. ఊరేలే అధికారం అన్న అర్థం మాత్రం మన మొదలులో లేదు.

అర్ధరాత్రి_తర్కం
చేసి చూశా. పార్మెనిడీస్ దగ్గర ఎర్ర సిరా వాక్యం: అంతు లేనిది అసంపూర్ణం. వేలితో మూస్తే బంతి ఒక్కటే పడిపోయింది. పుట్టదు, నశించదు, ఒక్కటే, కదలదు అన్నీ నిలిచాయి. అంటే ఆ వాక్యాన్ని ఒక్కచోటే వాడాడు, పక్కన పెట్టెయ్యొచ్చు.

తాబేలు_గెలిచింది
కదలదు నిలవదు, మళ్ళీ చూడండి. ఎనిమిదో తునకలోనే 26 నుంచి 31 పాదాలు. ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే అనివార్యత దాన్ని అంతు అనే సంకెళ్ళతో కట్టేసింది అంటాడు. పుట్టుక-నాశనం తోసెయ్యడం వల్ల వచ్చే కదలనితనం ఒకటి, అది నిలుస్తుంది. చోటు మారకపోవడం ఇంకోటి, దానికి ఆసరా ఆ అంతే. పైగా 32 మొదట్లో ‘అందుకే’ ఉంది. అంటే సంపూర్ణం అన్నది అంతు నుంచి వచ్చిందో, అంతు సంపూర్ణం నుంచి వచ్చిందో మీ కాగితం మీద బాణం ఎటు పెట్టారో చూసుకోండి.

అర్ధరాత్రి_తర్కం
రెండు వైపులా పెట్టాల్సి వస్తోంది. కథ మళ్ళీ మొదటికొచ్చింది.

పులిహోర_ప్లేటో
పార్మెనిడీస్‌కేం అభ్యంతరం లేదు. ఐదో తునక: నేను ఎక్కడ మొదలుపెట్టినా ఒకటే, మళ్ళీ అక్కడికే వస్తాను.